చిన్న పరిశోధన సంస్థలు ఒకే ప్రయోగశాలను పంచుకోవడం: మీ అనుభవం చెప్పండి

లోలకం:
మాది చిన్న స్వతంత్ర సంస్థ. మరో రెండు సంస్థలతో కలిసి ఒకే ప్రయోగశాల వాడుకోవాలని ఆలోచిస్తున్నాం. ఇప్పటివరకు అద్దె గురించే మాట్లాడుకున్నాం. అసలు చిక్కులు ఎక్కడ వస్తాయి?

సూక్ష్మదర్శి:
అద్దె తేలిక. నిర్వహణ దగ్గరే ఒప్పందాలు చెడతాయి. మేం ఒక కాన్‌ఫోకల్ మైక్రోస్కోపును (లేజర్ కాంతితో నమూనాను పొరలుపొరలుగా చిత్రించే సూక్ష్మదర్శినిని) పంచుకుంటున్నాం. మొదట గంటల లెక్కన రుసుము పెట్టారు. వాడకం తగ్గిన నెలల్లో కూడా సర్వీసు కాంట్రాక్టు సొమ్ము కట్టాల్సిందే కాబట్టి ఆ పద్ధతి నిలవలేదు. ఇప్పుడు వాడినా వాడకపోయినా ప్రతి సంస్థా ఒక స్థిరమైన వాటా కడుతుంది, ఆపైన గంటల రుసుము. అంతకన్నా ముఖ్యం, దాన్ని కనిపెట్టుకుని ఉండే మనిషి. లేజర్లు సరిచూడటం, లెన్సు మీది నూనె తుడవడం, కొత్తవారికి నేర్పడం అందరి పని అంటే ఎవరూ చెయ్యరు. టెక్నీషియన్ జీతాన్ని బడ్జెట్‌లో మొదటి పద్దుగా రాయండి. పరికరం కొనడం ఆ తర్వాతే.

శీతలి:
పూర్తిగా ఏకీభవిస్తాను. నమూనాలు దాచే మైనస్ 80 డిగ్రీల ఫ్రీజర్ ఉంటే ఇంకొకటి తేల్చుకోండి: అర్ధరాత్రి అలారం మోగితే ఫోను ఎవరికి వెళ్లాలి? ప్రతి పెట్టె మీదా సంస్థ, బాధ్యుడు, తేదీ ఉండాలి. ఉద్యోగం మానేసినవారి నమూనాలే సగం చోటు ఆక్రమిస్తాయి.

పుస్తకాలగూడు:
స్థిరమైన వాటా మాట నిజమండి. పరిశోధన పత్రాలను ఇంటర్నెట్‌లో ఉచితంగా అందించే ఆర్కైవ్ (arXiv) భాండాగారాన్నే చూడండి. 1991లో అమెరికాలోని లాస్ అలమోస్ జాతీయ ప్రయోగశాలలో మొదలై, 2001లో కార్నెల్ విశ్వవిద్యాలయానికి మారింది. ప్రపంచమంతా వాడుకునే దాని ఖర్చును ఆ విశ్వవిద్యాలయ గ్రంథాలయం ఒక్కటే ఎంతకాలం మోస్తుంది? 2010లో కార్నెల్, దాన్ని ఎక్కువగా వాడే సంస్థలను స్వచ్ఛందంగా ఖర్చులో పాలుపంచుకోమని అడిగింది. ఉచితంగా అందే సేవకు కూడా ఎవరో ఒకరు డబ్బు కడుతూనే ఉంటారు.

లోలకం:
చాలా ఉపయోగపడే మాటలు. మరి పరిశోధన పత్రంలో టెక్నీషియన్ పేరు వేయాలా?

సూక్ష్మదర్శి:
ప్రయోగ రూపకల్పనలోనో విశ్లేషణలోనో పాలుపంచుకుంటే తప్పకుండా రచయితగా వేయాలి. రచయితల పాత్రలను చెప్పే క్రెడిట్ (CRediT) అనే వర్గీకరణలోని 14 పాత్రల్లో వనరులు సమకూర్చడం కూడా ఒకటి. కేవలం యంత్రం నడిపితే కృతజ్ఞతల్లో పేరు చాలంటారు కొందరు. నాకది నచ్చదు. చిత్రం స్పష్టంగా రావడానికి గంటలు వెచ్చించినవారు ఫలితంలో భాగస్వాములే.

శీతలి:
ఒక సంస్థ మధ్యలో తప్పుకుంటే పరికరం ఎవరిది, ఎన్ని నెలల ముందు చెప్పాలి అన్నవి కూడా సంతకాలకు ముందే రాసుకోండి. గొడవ వచ్చాక ఎవరూ రాయనివ్వరు.

లోలకం:
సరేనండి. ముసాయిదాలో జీతం పద్దు, తప్పుకునే షరతు ముందు పెడుతున్నాను. మిగతా రెండు సంస్థలు ఏమంటాయో ఇక్కడే రాస్తాను.