తవ్వకాల్లో ఇంటర్న్‌షిప్ చెయ్యాలని ఉంది, డిగ్రీ వాళ్ళని రానిస్తారా?

మాచర్ల_అమ్మాయి:
అందరికీ నమస్తే. నేను బీఏ హిస్టరీ సెకండియర్, తెలుగు మీడియం, మాది మాచర్ల దగ్గర ఊరు. ఈ సమ్మర్లో రెండు నెలలు ఇంటర్న్‌షిప్ చెయ్యాలి, మా క్లాసులో చాలామంది ఎక్కడో డబ్బులు కట్టి సర్టిఫికెట్ తెచ్చేసుకుంటున్నారు, నాకది ఇష్టం లేదు. మా తాతయ్య కుర్రాడిగా ఉన్నప్పుడు నాగార్జునకొండ తవ్వకాల్లో తట్టలు మోశాడు, సాగర్ నీళ్ళు వచ్చి లోయ మునిగిపోయేలోపు తవ్వాలని 1954 నుంచి 1960 దాకా పని జరిగింది కదా, అప్పుడు. ఒక్క పూస కనపడినా పని ఆపేసి ఆఫీసరు గారిని పిలిచేవాళ్ళని ఇప్పటికీ చెప్తుంటాడు. అది విని విని నాకూ ఆ పనే చెయ్యాలని మనసు పడిపోయింది. కానీ ఎవర్ని అడగాలి? ఆడపిల్లలకి అక్కడ ఉండటానికి ఎలా ఉంటుంది, మా నాన్న అదే అడుగుతున్నాడు.

కుండపెంకు:
చెల్లీ, నేను ఎమ్మే చదివేటప్పుడు రెండు సీజన్లు, తర్వాత పీహెచ్‌డీలో ఇంకో మూడు సీజన్లు తవ్వకాల్లో ఉన్నాను. ముందు ఒక మాట. మన దగ్గర తవ్వకాలు ఎక్కువగా వానలు తగ్గాక మొదలై ఎండలు ముదిరేలోపు అయిపోతాయి, మేలో నీకు ట్రెంచ్, అంటే తవ్వే గుంట, దొరకడం కష్టం. కానీ తవ్వినదాని మీద అసలు పని మొదలయ్యేది అప్పుడే, కాబట్టి తవ్వనివ్వలేదని నిరాశపడొద్దు.

నన్ను మొదటి పన్నెండు రోజులూ పాటరీ యార్డులోనే కూర్చోబెట్టారు. తట్టల కొద్దీ కుండపెంకులు వస్తాయి, మెత్తటి బ్రష్‌తో ఒక్కొక్కటి కడగాలి, రంగు పూసినవీ గీతలు గీసినవీ ఉంటే గట్టిగా రుద్దకూడదు, నీడలో ఆరబెట్టాలి, ఆరాక లోపలివైపు సైటు పేరు, సంవత్సరం, ట్రెంచ్, పొర నంబరు చిన్న అక్షరాలతో రాయాలి, నల్ల పెంకు మీదైతే తెల్ల ఇంకు. మూడో రోజుకి విసుగొచ్చింది, పదో రోజుకి అంచు ముక్క చూడగానే అది గిన్నెదో, నీళ్ళ కుండదో, ధాన్యం పోసే బానదో చెప్పగలిగాను. పుస్తకంలో నలుపు ఎరుపు పాత్రలు అని చదివాం కదా, లోపలంతా నల్లగా, బయట అంచు దగ్గర నలుపు తిరిగి కిందికి ఎర్రగా దిగే ఆ రంగు చేత్తో పట్టుకుంటే గానీ తెలీదు.

నా తప్పు ఒకటి చెప్తాను, నువ్వు చెయ్యకు. ఒక సంచికి లేబుల్ జెల్ పెన్నుతో రాశాను, రాత్రి మంచుకి తడిసి అక్షరాలన్నీ చెరిగిపోయాయి. నలభై దాకా పెంకులు, ఏ పొరలోవో ఎవరూ చెప్పలేరు, అంటే వాటి మాట అక్కడితో ఆగిపోయినట్టే. ఆ రోజు అన్నం తినబుద్ధి కాలేదు. అప్పట్నుంచి పెన్సిల్‌తోనే రాస్తాను, సంచి లోపల ఒకటి బయట ఒకటి, రెండు లేబుళ్ళు.

ట్రెంచ్‌లోకి దిగినా నీ చేతిలో పలుగు పెట్టరు, ట్రోవెల్ (చిన్న తాపీ), బ్రష్, ఒక నోటుబుక్కు ఇస్తారు. చదరాలు కొలిచి తాళ్ళు కడతారు, రెండు చదరాల మధ్య గట్టు తవ్వకుండా వదిలేస్తారు, బ్రిటిష్ ఆర్కియాలజిస్టు మార్టిమర్ వీలర్ 1940ల్లో మన దేశంలో అలవాటు చేసిన పద్ధతి ఇది. ఆ గట్టు గోడ మీద పొరలన్నీ ఒకదాని మీద ఒకటి కనిపిస్తాయి, బూడిద గీత, ఎర్రమట్టి, కూలిన ఇటుకలు, దాన్ని చూసే ఏది ముందో ఏది తర్వాతో చెప్పేది. బొగ్గు ముక్క కనిపిస్తే చేత్తో ముట్టుకోకుండా ఫాయిల్ కాగితంలోకి తీస్తారు, ఎన్నేళ్ళనాటిదో లెక్కగట్టే కార్బన్ డేటింగ్‌కి పోయేది అదే.

మీ నాన్నగారికి చెప్పు, నేను వెళ్ళిన రెండు చోట్లా అమ్మాయిలకి వేరే వసతి ఉంది, ఒకచోట మాత్రం బాత్రూమ్ ఇబ్బంది బాగా పడ్డాం. వెళ్ళేముందే ఫోన్ చేసి ఆడ స్టాఫ్ ఎంతమంది, పడుకునేది ఎక్కడ, తిండికి ఎంత అని మొహమాటం లేకుండా అడుగు. స్టైపెండ్ మీద ఆశ పెట్టుకోకు. టీటీ ఇంజెక్షన్ చేయించుకో, కాలు మొత్తం కప్పే బూట్లు కొనుక్కో, రాళ్ళ కింద తేళ్ళుంటాయి.

బెజవాడ_బాబాయ్:
అమ్మాయీ, ఎక్కడ అడగాలో నేను చెప్తా. ఏఎస్ఐ (కేంద్ర పురావస్తు శాఖ) అమరావతి సర్కిల్ ఆఫీసు, రాష్ట్ర ఆర్కియాలజీ అండ్ మ్యూజియమ్స్ శాఖ, ఈ రెండిటికీ మీ ప్రిన్సిపాల్ సంతకంతో లెటర్ పట్టుకుని స్వయంగా వెళ్ళు, మెయిల్ పెట్టి కూర్చుంటే కదలదు. అమరావతి మ్యూజియం, సాగర్ మధ్యలో నాగార్జునకొండ మ్యూజియం నీకు దగ్గరే, కేటలాగ్ పనికి మనిషి కావాలా అని అడుగు. ఆంధ్రా యూనివర్సిటీ, ఉస్మానియాల్లో ఆర్కియాలజీ చెప్పే మాస్టార్లకి కూడా రాయి, వాళ్ళకి ఫీల్డ్ వర్క్ ఉన్నప్పుడు నిన్ను గుర్తుపెట్టుకుంటారు. తర్వాత ఎమ్మేకి పుణె డెక్కన్ కాలేజీ చూడు, ఎమ్మే అయ్యాక గ్రేటర్ నోయిడాలో ఏఎస్ఐ వాళ్ళ ఇన్‌స్టిట్యూట్‌లో రెండేళ్ళ డిప్లొమా ఉంది.

పెద్దపల్లి_సార్:
చెల్లె, నేను గవర్నమెంట్ స్కూల్ల సోషల్ చెప్త, మాది ధూళికట్ట, పెద్దబంకూరు దిక్కు, శాతవాహనుల జాగలు. అవకాశం వచ్చేదాక ఊకే కూసోకు. మీ మండలంల ఊరూరు తిరిగి గుడి ముందర శాసనాలు, వీరగల్లులు (చచ్చిపోయిన వీరుల పేర నిలబెట్టిన రాళ్ళు), పొలాలల్ల పెద్ద రాళ్ళు ఏమున్నయో రాసుకో, పక్కన స్కేలు పెట్టి ఫోటో తియ్యి, ఫోన్ల జీపీఎస్ నోట్ చెయ్యి. శాసనం మీద సున్నం ఉంటే గీకకు, అక్షరాలల్ల చాక్‌పీసు నింపకు, పక్కనుంచి లైటు కొడితే చాలు, గీతలన్ని లేస్తయి. ఒక్క పెంకు కూడ ఇంటికి తీస్కపోకు, సొంతంగ తవ్వుడైతే అసలే వద్దు, లైసెన్సు లేకుంట తవ్వుడు నేరం. గుప్తనిధుల గ్యాంగులు తిరుగుతుంటరు, లొకేషన్లు ఇన్‌స్టాల పెట్టకు. ఈ నోటుబుక్కు ఒక్కటి పట్టుకపోయి చూపిస్తే ఏ ఆఫీసరైన కూసోబెట్టి మాట్లాడ్తడు. ఇంకోటి, మీ తాత చెప్పేది ఫోన్ల రికార్డు చెయ్యి, ఇయ్యాల్నే. తట్టలు మోసినోళ్ళ ముచ్చట రిపోర్టులల్ల దొరుకదు.

మాచర్ల_అమ్మాయి:
అందరికీ చాలా చాలా థ్యాంక్స్. సార్ చెప్పినట్టు నిన్న సాయంత్రం తాతయ్యని కూర్చోబెట్టి రికార్డ్ చేశాను, గంటన్నర చెప్పాడు. గుంటల మధ్య గట్టు అంచున నిలబడితే బాగా తిట్టేవాళ్ళంట, అంత మంచి మట్టి తవ్వకుండా ఎందుకు వదిలేస్తున్నారో వాళ్ళెవరికీ చెప్పలేదంట. ఆ గట్టు గురించి కుండపెంకు అక్క రాసింది చదివి వినిపించాను. రెండోసారి చదవమన్నాడు. సోమవారం ప్రిన్సిపాల్ సార్ లెటర్ ఇస్తానన్నారు, నాన్న కూడా నాతో విజయవాడ వస్తానన్నాడు, ఏమైందో వచ్చి చెప్తాను.