స్నోడన్‌కి గ్రూప్‌గా వెళ్తున్నాం: పిల్లలు, పెద్దవాళ్ళతో ఏ దారి మంచిది?

శ్రీను_బర్మింగ్‌హామ్:
అందరికీ నమస్తే. ఆగస్టు బ్యాంక్ హాలిడే శనివారం వేల్స్‌లో స్నోడన్ కొండ ఎక్కాలని మా తెలుగు కుటుంబాలన్నీ కలిసి అనుకున్నాం, మొత్తం 18 మందిమి. తెల్లవారుజామున బయలుదేరి రాత్రికి ఇల్లు చేరాలి, అక్కడ రూమ్ తీసుకోవడం లేదు. పిల్లలు నలుగురు, 7 నుంచి 11 ఏళ్ళ వాళ్ళు. ఇద్దరు స్నేహితుల అమ్మానాన్నలు వరంగల్ నుంచి, తెనాలి నుంచి వచ్చి ఉన్నారు, అందరికీ అరవై దాటాయి, ఒక ఆంటీకి మోకాళ్ళ నొప్పి ఉంది. ఆవిడేమో అలిపిరి నుంచి నడిచి తిరుమల ఎక్కినదాన్ని, ఇదెంత అంటున్నారు. కుర్రాళ్ళు పిగ్ ట్రాక్ అనే దారి అంటున్నారు, ఒకతను వీడియోలు చూసి క్రిబ్ గోచ్ మీదుగా పోదాం అని పట్టుబడుతున్నాడు. నాకు మాత్రం అందరం కలిసి ఒకే దారిలో ఎక్కి పైన ఫొటో దిగాలని ఉంది. ఏ దారి ఎంచుకోవాలి, పార్కింగ్ సంగతేంటి, వాన పడితే ఏం చేయాలి, వెళ్ళొచ్చినవాళ్ళు చెప్పగలరా?

పద్మ_మాంచెస్టర్:
శ్రీను గారూ, ముందు క్రిబ్ గోచ్ మాట పూర్తిగా పక్కన పెట్టేయండి. అది నడకదారి కాదు, రెండు వైపులా లోయ ఉన్న కత్తి అంచులాంటి రాతి గట్టు, చేతులతో పట్టుకుని పాకాలి, అక్కడ ప్రాణాలు పోయినవాళ్ళు ఉన్నారు. పిగ్ ట్రాక్‌లో వెళ్తే బుల్క్ ఇ మోక్ అనే చోట దారి చీలుతుంది, క్రిబ్ గోచ్‌కి పోయేది అక్కడే కుడివైపు పైకి తిరుగుతుంది. ముందు వెళ్ళేవాళ్ళ వెనక గుడ్డిగా నడిచి దానిమీదకి ఎక్కేసేవాళ్ళు ఎక్కువ, కాబట్టి ఆ కుర్రాడికి ఇది గట్టిగా చెప్పండి.

అందరూ ఒకే దారిలో అంటే లన్‌బెరిస్ దారే. ఊళ్ళోంచే మొదలవుతుంది, కొండ పైకి వెళ్ళే రైలు పట్టాల పక్కనే దాదాపు సాగుతుంది, దారి తప్పే భయం తక్కువ. కానీ అందరూ "ఈజీ" అనడం విని మోసపోవద్దు. రానూపోనూ 14 కిలోమీటర్ల పైనే, ఎక్కాల్సిన ఎత్తు 950 మీటర్ల పైచిలుకు. మొదట్లోనే తారురోడ్డు మీద బాగా ఏటవాలు ఉంటుంది, పిల్లలు అక్కడే అలిసిపోతారు, కంగారు పడొద్దు, ఆ తర్వాత కాసేపు హాయిగా సాగుతుంది. సగం దారిలో చిన్న కేఫ్ ఉంది. క్లాగ్విన్ అనే చోటు దాటాక మళ్ళీ నిటారు. మామూలుగా నడిచేవాళ్ళకి 6 గంటలు, మీ గ్రూప్‌కి 8 లేదా 9 వేసుకోండి.

ఆంటీ గారి సంగతి: అలిపిరి దారిలో మెట్లుంటాయి, చాలా దూరం పైకప్పు ఉంటుంది, మంచినీళ్ళు, కూర్చోడానికి చోటు ఉంటాయి, అలిసిపోతే దర్శనం అయ్యాక బస్సులో కిందకి రావచ్చు. ఇక్కడ ఎక్కినంతా దిగాల్సిందే, దిగేటప్పుడు కదిలే రాళ్ళు, మోకాళ్ళకి అసలు పరీక్ష అప్పుడే.

రఘు_బంగోర్:
నేను ఆ కొండకి దగ్గర్లోనే ఉంటా, కాబట్టి వాతావరణం గురించి రాస్తున్నా, మిగతా అన్నిటికంటే అదే ముఖ్యం. కింద పార్కింగ్‌లో టీషర్ట్ మీద నిలబడితే పైన 1,085 మీటర్ల దగ్గర 6, 7 డిగ్రీలు తక్కువ ఉంటుంది, దానికి గాలి తోడైతే ఆగస్టులో కూడా చేతులు కొంకర్లు పోతాయి. ఫోన్‌లో ఊరి వాతావరణం చూసి బయలుదేరొద్దు, మెట్ ఆఫీస్ (ఇక్కడి వాతావరణ శాఖ) వాళ్ళు కొండలకి విడిగా ఇచ్చేది చూడండి, గాలి వేగం, మబ్బు ఎంత ఎత్తులో ఉందో అందులో ఉంటుంది. జీన్స్ వద్దు, తడిస్తే ఆరదు, ఒళ్ళంతా చల్లబడుతుంది. ప్రతి ఒక్కరికీ, పిల్లలకి కూడా, వాన కోటు, ఒక స్వెట్టర్, టోపీ. లేసులు బిగించి కట్టుకునే బూట్లు వేసుకోవాలి, చెప్పులు, స్లిప్-ఆన్‌లు కాదు.

బయలుదేరే ముందే వెనక్కి తిరిగే టైం ఒకటి అందరి ముందు ఒప్పుకోండి. మధ్యాహ్నం 2 అనుకుంటే 2కి శిఖరం 200 మీటర్ల దూరంలో ఉన్నా తిరగాలి. ఇది అక్కడికి వెళ్ళాక మాట్లాడుకుంటే కుదరదు, 18 మందిలో ఎవరో ఒకరు "ఇంకొంచెమేగా" అంటారు, పెద్దవాళ్ళు మొహమాటానికి సరే అంటారు. ముందు ఒకరు, చివర్లో ఒకరు, ఇద్దరూ దారి తెలిసినవాళ్ళు ఉండాలి, చివరి మనిషిని దాటి ఎవరూ వెనకబడకూడదు. ఏదైనా జరిగితే ఎమర్జెన్సీ నంబర్ 999కి ఫోన్ చేసి పోలీస్ అడిగి, ఆ తర్వాత మౌంటెన్ రెస్క్యూ అనండి. సిగ్నల్ పోయే చోట్లు ఉంటాయి, అందుకే ముందే 999కి "రిజిస్టర్" అని మెసేజ్ పంపి నమోదు చేసుకుంటే కష్టకాలంలో మెసేజ్‌తోనైనా సాయం అడగవచ్చు. ఆ టీమ్ అంతా వాలంటీర్లు, డబ్బులు తీసుకోరు, కిందకి వచ్చాక వీలైతే విరాళం ఇవ్వండి.

కిరణ్_రెడింగ్:
నాది వేరే మాట. అందరూ ఒకే దారి అనే పట్టుదల ఎందుకన్నా? పెద్దవాళ్ళు శిఖరం చూడకపోయినా ఆ కొండని చూడొచ్చు. పెన్-ఇ-పాస్ అనే కనుమ దగ్గర మొదలయ్యే మైనర్స్ ట్రాక్ అని ఇంకో దారి ఉంది, దాని మొదటి భాగం వెడల్పుగా, దాదాపు సమంగా ఉంటుంది, లిన్ లిడా చెరువు దాకా అంకుల్స్, ఆంటీలు నెమ్మదిగా నడిచి రావచ్చు. ఆ నీళ్ళ మీదుగా రాళ్ళ గట్టు దారి, పాత రాగి గనుల గోడలు, ఎదురుగా శిఖరం, నిజంగా పైనుంచి కనిపించేదానికంటే అదే బాగుందని నాకు అనిపించింది. ఇంకొంచెం ఓపిక ఉంటే పైన గ్లాస్లిన్ చెరువు, నీలం కలిసిన పచ్చటి రంగు. అక్కడినుంచే నిటారుగా రాళ్ళు మొదలవుతాయి, అక్కడ ఆగిపోవాలి. దారిలో పెన్-ఇ-గ్విరిడ్ హోటల్ చూపించండి, 1953లో ఎవరెస్ట్ ఎక్కిన బృందం శిక్షణ సమయంలో బస చేసింది అక్కడే, లోపల సీలింగ్ మీద వాళ్ళ సంతకాలు ఉంటాయి.

శిఖరం దాకా రైలు కూడా ఉంది, 1896 నుంచి నడుస్తోంది, కానీ పైన అరగంటే ఆగుతుంది, అదే రైల్లో దిగాలి. నడిచేవాళ్ళు ఆ అరగంటలో సరిగ్గా చేరడం కష్టం, గాలి ఎక్కువైతే రైలు పైదాకా వెళ్ళదు. అలిసిపోతే రైల్లో దిగుదాం అనే ఆలోచన కూడా పెట్టుకోవద్దు, సీటు ఉంటేనే ఇస్తారు.

పద్మ_మాంచెస్టర్:
కిరణ్ చెప్పింది నచ్చింది, నాకు తట్టలేదు. అయితే పెన్-ఇ-పాస్‌లో పార్కింగ్ సీజన్‌లో ముందే బుక్ చేసుకోవాలి, లేకపోతే కింద లోయలో కారు ఆపి షెర్పా అనే లోకల్ బస్సు ఎక్కాలి. బ్యాంక్ హాలిడే నాడు శిఖరం రాతి స్తంభం దగ్గర ఫొటోకి పెద్ద క్యూ ఉంటుంది, పిల్లలకి ముందే చెప్పి పెట్టండి. వీలైతే ఆ వారాంతం వదిలేసి తర్వాత శనివారానికి మార్చండి. తిండి పులిహోర, చపాతీ రోల్స్ మంచివి, పెరుగన్నం బరువు, కారే భయం. తొక్కలు కూడా సంచిలో వేసుకుని తేవాలి, ఆ చలికి నెలల తరబడి కుళ్ళవు.

శ్రీను_బర్మింగ్‌హామ్:
అందరికీ థ్యాంక్స్. ఆంటీ వాళ్ళతో మాట్లాడాను, చెరువు ఫొటోలు చూపిస్తే ఆవిడే "అక్కడికే వస్తాం, మీరు ఎక్కి రండి" అన్నారు. తేదీ సెప్టెంబర్ మొదటి శనివారానికి మార్చాం. పెద్దవాళ్ళు నలుగురు, తోడు ఇద్దరం మైనర్స్ ట్రాక్‌లో, మిగతా 12 మంది లన్‌బెరిస్‌లో. ఒకటే డౌట్, రెండు గ్రూపులు సాయంత్రం ఎక్కడ కలవాలి?

రఘు_బంగోర్:
లన్‌బెరిస్ ఊళ్ళోనే, పడార్న్ చెరువు ఒడ్డున. పెన్-ఇ-పాస్ నుంచి కారులో కొద్ది నిమిషాలే, టాయిలెట్లు, ఆడుకోడానికి గడ్డి ఉన్నాయి. పైనున్నవాళ్ళు 6 దాటినా రాకపోతే ఎవరికి ఫోన్ చేయాలో కిందవాళ్ళకి ఒక చీటీ మీద రాసి ఇవ్వండి.