అప్‌డేట్: నాన్నగారి షుగర్ సెన్సర్, అర్ధరాత్రి అలారం

ఇన్సులిన్ వాడే మా నాన్నగారి సెన్సర్ అర్ధరాత్రి 58 చూపించి అలారం కొడుతోంది, వేలు గుచ్చి చూస్తే 112 ఉంటోంది, ఏది నమ్మాలి అని అడిగాను కదా. డాక్టరుగారు వెంటనే పట్టేశారు. నాన్నగారు ఎడమవైపు తిరిగి పడుకుంటారు, సెన్సరూ ఎడమ జబ్బకే ఉంది. అది గ్లూకోజును రక్తంలో కాదు, చర్మం కింద కణాల మధ్య ఉండే ద్రవంలో చూస్తుంది. ఒంటి బరువు పడి అక్కడ నొక్కుకుపోతే అంకె తప్పుగా పడిపోతుందట. కొత్తది కుడి జబ్బ వెనక పెట్టించాం. అలారం ఆగింది, అమ్మకు టెన్షన్ తగ్గింది. చెమటలు, వణుకు వస్తే మాత్రం సెన్సర్ ఏం చూపించినా వేలు గుచ్చి చూడాల్సిందేనని గట్టిగా చెప్పారు. ఏ పక్కకు పడుకుంటారని అడిగినవారికి చాలా థాంక్స్.