పెద్ద ఉన్ని స్కార్ఫ్ మెడ దగ్గర మూటలా కాకుండా ఎలా కట్టుకోవాలి?

ప్రశ్న:
మాది విజయవాడ, జనవరిలో చికాగో వెళ్తున్నాను. అక్కడున్న మా ఆడపడుచు ఒక పెద్ద స్కార్ఫ్ పంపింది, నలుచదరంగా ఒక్కో వైపు 140 సెంటీమీటర్లు, బాగా మందం. చున్నీలా వేస్తే జారిపోతోంది, రెండు చుట్లు చుడితే గడ్డం కూడా కనపడట్లేదు, కోటు జిప్ పడట్లేదు. వెచ్చగానూ ఉండాలి, చూడ్డానికీ బాగుండాలి. సంక్రాంతికి అక్కడ తెలుగువాళ్ల ఫంక్షన్ ఉందట, చీర మీద ఎలా వేసుకోవాలో కూడా చెప్పండి ప్లీజ్.

జవాబు 1:
చదరపు స్కార్ఫ్‌ని చుట్టకండి, త్రికోణంగా మడవండి. మూలలు సరిగ్గా కలవక్కర్లేదు, జానెడు ఎడం ఉంచితే కొన పల్చబడుతుంది. ఆ కొన ఛాతీ మీదికి వచ్చేలా ముందు పెట్టుకుని, రెండు చివర్లూ మెడ వెనక్కి తీసుకెళ్లి, ముడి వేయకుండా ఒకదాని మీదుగా ఒకటి దాటించి ముందుకు తెచ్చి వదిలేయండి. చివర్లు వేలాడటం ఇష్టం లేకపోతే కొన కింద చిన్న ముడి వేసి దాచేయొచ్చు. తర్వాత ముందు భాగాన్ని వేలితో కాస్త కిందికి లాగితే గడ్డం బయటపడుతుంది. బిగించి మాత్రం కట్టొద్దండీ, ఉన్ని మడతల్లో నిలిచే గాలే మనకి వెచ్చదనం, బిగిస్తే దానికి చోటుండదు. కోటు జిప్ ముందే పూర్తిగా వేసుకుని ఇది పైన వేసుకోండి.

జవాబు 2:
పైన చెప్పింది ఫోటోలకి చాలా బాగుంటుంది, మామూలు రోజుల్లో నడుస్తుంది కూడా, కానీ నేనుండేది చికాగోలోనే, మిషిగన్ సరస్సు మీంచి గాలి కొట్టిన రోజు కోటు పైన వదులుగా ఉన్న స్కార్ఫ్ ఎగిరి మొహాన పడుతుంది. ఆ రోజులకి ఇలా చేయండి: త్రికోణాన్ని కొన వైపు నుంచి మడుచుకుంటూ పొడవు పట్టీ చేస్తే దాదాపు 2 మీటర్లు వస్తుంది, దాన్ని మెడ వెనక నుంచి వేసి, చివర్లు ఛాతీ మీద అడ్డంగా ఒకదానిపై ఒకటి పరిచి, పైన జిప్ వేసేయండి. చుట్టు లేదు కాబట్టి ఎత్తుగా ఉండదు, కాలర్ సందులోంచి గాలి దూరదు. ఎల్ ట్రైన్ (ఇక్కడి సిటీ రైలు) ఎక్కగానే లోపల ఉక్కపోస్తుంది, ఇదైతే జిప్ దించి లాగేయొచ్చు. నోటికి అడ్డంగా కప్పుకుంటే ఊపిరి తేమకి ఉన్ని తడుస్తుంది, బాగా చలిగా ఉంటే అక్కడే గడ్డకడుతుంది కూడా, అందుకే మధ్యమధ్యలో పొడి వైపు తిప్పుకోండి.

జవాబు 3:
అక్కా, చీర సంగతి నేను చెప్తా. ఎడమ భుజం మీద వేస్తే పైట అంచు మొత్తం దాగిపోతుంది, మంచి పట్టుచీర కట్టి లాభం ఉండదు. సగానికి మడిచి కుడి భుజం మీద వేసి, వెనక చివరని వీపు మీదుగా తెచ్చి ఎడమ మోచేతి మీద వేసుకోండి, పైటా కనిపిస్తుంది, వీపుకీ చలి ఉండదు. మగ్గం వర్క్ జాకెట్టు మాత్రం వద్దు, పూసలకీ రాళ్లకీ ఉన్ని పోగులు తగులుకుని లాగేస్తాయి. పిన్ను పెట్టాలంటే భుజం దగ్గర లోపలి మడతకే పెట్టండి. స్కార్ఫ్ గళ్లదైతే ప్లెయిన్ చీర కట్టండి, గళ్ల మీద గళ్లు నాకైతే అస్సలు నచ్చవు.

ప్రశ్న అడిగినవారు:
త్రికోణం ఇప్పుడే వేసి చూశాను, గడ్డం కనిపిస్తోంది! థాంక్స్ అందరికీ. ఇది వాషింగ్ మెషీన్‌లో వేయొచ్చా?

జవాబు 1:
లోపల లేబుల్ చూడండి. అసలు ఉన్ని అయితే వేడినీళ్లకీ, మెషీన్ తిప్పుడికీ కుంచించుకుపోయి గట్టిపడుతుంది. చన్నీళ్లలో ఉన్నికి వాడే లిక్విడ్ కొంచెం వేసి ముంచి తీయండి, పిండొద్దు, పొడి తువ్వాల్లో చుట్టి నొక్కి, బల్ల మీద పరిచి ఆరబెట్టండి. తీగ మీద వేలాడేస్తే తడి బరువుకి సాగిపోతుంది. అక్రిలిక్ అని ఉంటే చన్నీళ్లలో జెంటిల్ సైకిల్‌కి సాధారణంగా ఏం కాదు, డ్రయ్యర్‌లో మాత్రం వేయకండి.