ఉర్‌టెక్స్ట్ అని అట్ట మీద ఉంటే చాలా? బరోక్, క్లాసికల్ సొనాటాలకు ఏ ఎడిషన్?

మంద్రస్థాయి:
పియానోకి మొజార్ట్, హైడన్, బీథోవెన్. వయొలిన్‌కి బాఖ్ సోలోలు, కొరెల్లి ఓపస్ 5. ఇవీ కొనాల్సినవి. హెన్లే, బేరెన్‌రైటర్, వీనర్ ఉర్‌టెక్స్ట్, ఈ ప్రచురణలన్నిటి మీదా ఉర్‌టెక్స్ట్ (స్వరకర్త రాసినట్టే ఉంచిన మూలపాఠం) అనే ఉంది, ధరలు మాత్రం ఒకదానికొకటి పొంతన లేవు. పాత ఎడిషన్లేమో నెట్‌లో ఉచితం. ఎక్కడ డబ్బు పెట్టాలి, ఎక్కడ అక్కర్లేదు?

నల్లమెట్లు_36:
ఆ మాట ఎవరైనా అచ్చేసుకోవచ్చు, దాని మీద ఎవరికీ హక్కు లేదు. అట్ట వదిలేసి చివరి పేజీలు తిప్పండి. ఏయే మూలప్రతులు చూశారు, వాటిలో దేన్ని ప్రధానంగా తీసుకున్నారు, ఎక్కడెక్కడ దాన్ని కాదని దిద్దారు అన్నది బార్ (నిలువు గీతల మధ్య గడి) నంబర్లతో సహా ఉండాలి. అది లేని పుస్తకం పాత ఎడిషన్‌లోంచి స్లర్లు (స్వరాల్ని కలిపి వాయించమనే వంపుగీతలు), ఫింగరింగ్ (ఏ వేలితో వాయించాలో చెప్పే అంకెలు) చెరిపేసి మళ్ళీ అచ్చు వేసినదై ఉండొచ్చు. తెల్లగా కనిపించినంత మాత్రాన శుద్ధమైన పాఠం కాదు.

మొజార్ట్ ఎఫ్ మేజర్ సొనాటా కె. 332 (కె. అంటే మొజార్ట్ రచనల కోషెల్ జాబితా నంబర్) రెండో భాగం తీసుకోండి. మొజార్ట్ చేతిరాతలో మొదటి సంగతులు తిరిగి వచ్చేటప్పుడు స్వరం సాదాగానే ఉంటుంది. 1784లో వియన్నాలో అర్టారియా వేసిన మొదటి ముద్రణలో అదే చోట నిండా అలంకారాలు. రెండూ ఆయన జీవించి ఉన్నప్పటివే. మంచి ఎడిషన్ రెండు పాఠాలనూ ఒకదాని మీద ఒకటి వేస్తుంది. ఒక్కటే వేసి ఊరుకున్న పుస్తకం ఈ సొనాటాకి కొనకండి. షాపులో పరీక్షించడానికి ఇంతకన్నా సులువైన పేజీ లేదు.

ఇంకోటి, ఎడిషన్ వేసిన సంవత్సరం. ఎ మేజర్ కె. 331కి చాలాకాలం చేతిరాతలో చివరి పేజీ ఒక్కటే తెలుసు. 2014లో బుడాపెస్ట్‌లోని సేచేనీ జాతీయ గ్రంథాలయంలో ఇంకో నాలుగు పేజీలు బయటపడ్డాయి. సి మైనర్ కె. 457 చేతిరాత, దానితో పాటు కె. 475 ఫాంటసియా 1990లో ఫిలడెల్ఫియాలో దొరికాయి. కాబట్టి సెకండ్ హ్యాండ్‌లో చవగ్గా వచ్చిందని 1980ల నాటి సంపుటి తీసుకుంటే ఈ రెండు సొనాటాలకూ పాత పాఠమే వస్తుంది. ముందుమాట కింద తేదీ చూడండి. అట్ట డిజైన్ కొత్తదైనా లోపలి పాఠం పాతదే ఉండొచ్చు.

చిల్లరఖర్చు:
మొజార్ట్‌కి అసలు డబ్బెందుకు? బేరెన్‌రైటర్ వాళ్ళ మొజార్ట్ సంపూర్ణ సంపుటాలు సాల్జ్‌బర్గ్ మొజార్టియం సైట్‌లో 2006 నుంచీ ఉచితం.

నల్లమెట్లు_36:
నిజమే, అయితే అందులో పియానో సొనాటాల రెండు సంపుటాలూ 1986వి. పైన చెప్పిన రెండు దొరుకుళ్ళకూ ముందువి. మిగతా సొనాటాలకు హాయిగా వాడండి.

వాడేటప్పుడు అచ్చులో తేడాలు గమనించాలి, లేకపోతే సగం ప్రయోజనం పోతుంది. ఆ సంపుటాల్లో సంపాదకులు చేర్చిన అక్షరాలు (గట్టిగా అనే ఎఫ్, మెల్లగా అనే పి, ట్రిల్ గుర్తులు) ఇటాలిక్‌లో ఉంటాయి. చేర్చిన స్లర్లు తెగిన గీతల్లో, చేర్చిన స్వరాలు, చుక్కలు, షార్ప్ ఫ్లాట్లు చిన్న సైజులో ఉంటాయి. ట్రిప్లెట్ 3 మాత్రం ఎప్పుడూ ఇటాలిక్కే, సంపాదకులు చేర్చినదైతే ఇంకా చిన్నగా ఉంటుంది. ఇదొక్కటే తికమక. హెన్లే సాధారణంగా చేర్పుల్ని బ్రాకెట్లలో పెడుతుంది. హెన్లే బీథోవెన్‌లో ఇటాలిక్‌లో ఉన్న వేలి అంకెలు బీథోవెన్ ఇచ్చినవి, నిలువు అంకెలు తర్వాతివాళ్ళవి. అందుకని ఫింగరింగ్ మొత్తం ఎవరో టీచర్‌దే అనుకుని కొట్టెయ్యకండి.

హెన్లే వ్యాఖ్యల్లో ఇంకో తిరకాసు ఉంది. ఇంగ్లిష్ భాగంలో 'యు' అంటే పై స్టాఫ్ (స్వరాలు రాసే ఐదు గీతల వరస), 'ఎల్' అంటే కింది స్టాఫ్. పక్కనే ఉన్న జర్మన్ భాగంలో 'యు' అంటే కింది స్టాఫ్, పైదానికి 'ఓ'. జర్మన్ పేజీ తెరిచి ఇంగ్లిష్ సంకేతాలతో చదివితే కుడిచేతి దిద్దుబాటు ఎడమచేతికి పడుతుంది.

తీగలమీద:
వయొలిన్ సంగతి. బాఖ్ సోలో సొనాటాలు, పార్టీటాలు (బాఖ్ రచనల జాబితాలో బీడబ్ల్యూవీ 1001 నుంచి 1006) ఆయన స్వహస్తంతో 1720 తేదీ వేసిన శుద్ధప్రతిలో ఉన్నాయి. బెర్లిన్ స్టేట్ లైబ్రరీలో దాని నంబర్ పి 967. బాఖ్ డిజిటల్ సైట్‌లో స్కాన్ ఉచితం. రాత అందంగా, చదివేలా ఉంటుంది. ఏ ఎడిషన్ కొన్నా ఇది పక్కన తెరిచి పెట్టుకోండి, ముఖ్యంగా స్లర్లకు. వంపుగీత ఏ స్వరం దగ్గర మొదలై ఎక్కడ ఆగిందో చాలా చోట్ల ఇద్దరు సంపాదకులు రెండు రకాలుగా చదువుతారు.

ఒకే పేజీలో ఎడిషన్ బుద్ధి తెలిసిపోయే చోటు ఉంది. జి మైనర్ సొనాటా అడాజియో, మూడో బార్. బాఖ్ ఆ సొనాటాకి కీ సిగ్నేచర్‌లో (వరస మొదట్లో ఉండే షార్ప్ ఫ్లాట్ గుర్తుల్లో) ఒక్క ఫ్లాటే రాశాడు, ఇప్పటి పద్ధతిలోలా రెండు కాదు. అంటే ఇ ఫ్లాట్ కావలసిన ప్రతిచోటా విడిగా గుర్తు పెట్టాలి. మూడో బార్‌లో ఒక ఇ దగ్గర గుర్తు లేదు. మరిచిపోయాడా, కావాలనే ఇ నేచురల్ ఉంచాడా అన్నది ఇప్పటికీ తేలని వాదన. రెండు ఫ్లాట్లు పెట్టేసి, చప్పుడు చేయకుండా ఇ ఫ్లాట్ వేసిన ఎడిషన్‌లో ఆ ప్రశ్న ఉన్నట్టే మీకు తెలియదు.

చిల్లరఖర్చు:
సోలోలకు పాత బాఖ్ గెజెల్‌షాఫ్ట్ (బాఖ్ సంఘం వేసిన సంపూర్ణ రచనల) సంపుటం కూడా ఉచితమే కదా.

తీగలమీద:
దీనికి మాత్రం వద్దు. 1879లో ఆ సంపుటం తయారైనప్పుడు సంపాదకుడి ముందు పి 967 లేదు, వేరే ప్రతుల మీద ఆధారపడ్డారు. పందొమ్మిదో శతాబ్దపు సంపూర్ణ సంపుటాలన్నీ పనికిరానివని కాదు. ఏ రచనకి ఏ మూలం వాళ్ళకు అందిందో ఒక్కొక్కటిగా చూసుకోవాలి.

కొరెల్లి ఓపస్ 5 సంగతి వేరు. 1700లో రోమ్‌లో అచ్చయిన ప్రతి ఉంది, చేతిరాత గొడవ లేదు. చిక్కంతా 1710లో ఆమ్‌స్టర్‌డామ్‌లో రోజర్ వేసిన ముద్రణతో. మొదటి ఆరు సొనాటాల నెమ్మది భాగాలకు 'కొరెల్లి వాయించే తీరు' అంటూ అలంకారాలు చేర్చింది. మిగతా ఆరింటికి అందులో లేవు. సాదా గీత, అలంకార గీత, బాస్ మూడూ కలిపి మూడు స్టాఫుల్లో ఇచ్చిన ఎడిషన్ తీసుకోండి. ఆ చిన్న స్వరాల్ని మెట్రోనోమ్ పెట్టి లెక్కవేయకండి, కొన్నిచోట్ల బార్‌కి సరిపోవు కూడా. బాస్ పడే చోటికి చేరుకుంటే చాలు. కీబోర్డ్ భాగంలో కుడిచేతికి కనిపించేది చాలావరకు సంపాదకుడు రాసినదే. బాస్ గీత, దాని మీద కార్డుల్ని సూచించే అంకెలే కొరెల్లివి.

హాండెల్ వయొలిన్ సొనాటాల పాత ఆల్బమ్ ఎవరైనా అంటగడితే జాగ్రత్త. మామూలుగా వచ్చే ఆరింటిలో హెచ్‌డబ్ల్యూవీ (హాండెల్ రచనల జాబితా నంబర్) 361, 371 మాత్రమే నిస్సందేహంగా ఆయనవి. 368, 370, 372, 373 ఆయనవి కావన్నది పండితుల అనుమానం. సంగీతం బాగుంటే వాయించుకోండి, ప్రోగ్రామ్‌లో పేరు వేసేటప్పుడు మాత్రం చూసుకోండి.

ముద్రారాక్షసుడు:
హైడన్ ఆర్డర్ చేసేటప్పుడు నంబర్ దగ్గర చాలామంది తప్పుడు పుస్తకం తెప్పించుకుంటారు. హైడన్ రచనల హోబోకెన్ జాబితా 16వ వర్గంలో 1 నుంచి 52, వీనర్ ఉర్‌టెక్స్ట్‌లో క్రిస్టా లాండన్ వరస 1 నుంచి 62. '50వ సొనాటా' అంటే హోబోకెన్‌లో సి మేజర్, అదే లాండన్‌లో 60. లాండన్ 50 అంటే డి మేజర్, హోబోకెన్ 37. నంబర్‌తో పాటు స్కేల్, మొదటి బార్ కూడా రాసి పంపండి. స్కార్లాటికీ ఇదే తంటా. ఆయన సొనాటాలకు ఇద్దరి జాబితాలున్నాయి, కిర్క్‌ప్యాట్రిక్ కె. 141, లాంగో ఎల్. 422 రెండూ ఒకటే. లాంగో నంబరు వెతుక్కోవడానికి సరే, ఆయన ఎడిషన్ వద్దు. గరుకుగా వినిపించే కార్డుల్ని ఆయన 'సరిచేశాడు'. స్కార్లాటి రుచి ఆ గరుకులోనే ఉంది.

బీథోవెన్‌కి ఓపస్ 31 నంబర్ 1 చూడండి. 1803లో జూరిక్ ప్రచురణకర్త నేగెలి మొదటి భాగంలో 298వ బార్ తర్వాత తన సొంతంగా నాలుగు బార్లు కలిపాడు. బీథోవెన్ మండిపడితే సిమ్రోక్ 'చాలా సరైన ముద్రణ' అని అట్ట మీద వేసి మళ్ళీ అచ్చువేశాడు. 'మొదటి ముద్రణ స్కాన్' అని నెట్‌లో దొరికిందల్లా ప్రామాణికం అనుకునేవాళ్ళకి ఇది మందు.

ఓపస్ 10 నంబర్ 3 మొదటి భాగం 22వ బార్‌లో ఆక్టేవ్ పై ఎఫ్ షార్ప్ లేకపోవడానికి కారణం అప్పటి పియానో ఎఫ్ దగ్గర ఆగిపోవడం. కొన్ని ఎడిషన్లు ఆ స్వరాన్ని బ్రాకెట్‌లో ఇస్తాయి. ఇప్పటి పియానో మీద వాయించడమే నాకు సబబనిపిస్తుంది, కాదనేవాళ్ళూ ఉన్నారు.

ప్రింట్ తీసుకునేవాళ్ళకి: హెన్లే పేజీ 23.5 × 31 సెంటీమీటర్లు. ఎ4 వెడల్పు 21. పేజీకి సరిపడేలా అమర్చితే సుమారు 89 శాతానికి కుదించుకుపోతుంది. ఇప్పటికే చిన్న సైజులో ఉన్న సంపాదక స్వరాలు, తెగిన స్లర్లు స్టాండ్ మీద కనిపించవు, అంటే ఉర్‌టెక్స్ట్ తేడాలే మాయం. ఉచిత స్కాన్లయితే అంచుల తెలుపు కత్తిరించాక బి4 కాగితం మీద తీయండి, లేదా ఎ3 మీద ఒక్కో పేజీ.

మంద్రస్థాయి:
గ్రేడ్ పరీక్షలకి ఇవి ఒప్పుకుంటారా? హైదరాబాద్ సెంటర్‌లో ట్రినిటీ.

నల్లమెట్లు_36:
ఆ ఏడాది సిలబస్‌లో ఆ రచన పక్కన ఏ ప్రచురణ పేరు ఉందో, వేరేది వాడొచ్చని ఉందో చూడండి. రిపీట్లు, అలంకారాల గురించి కూడా అక్కడే ఉంటుంది. ఒకే రచన అలంకృత పాఠం వాయిస్తుంటే పరీక్షకుడికి ఇచ్చే ప్రతి కూడా అదే పాఠం ఉన్నదై ఉండాలి, సాదా పాఠం చేతిలో ఉంటే మీరు తప్పు స్వరాలు వాయిస్తున్నట్టు కనిపిస్తుంది.

వయొలిన్ సొనాటాలకు హెన్లే చాలా సెట్లలో రెండు వయొలిన్ పార్టులు ఇస్తుంది, ఒకటి ఫింగరింగ్, బోయింగ్‌తో, ఒకటి ఏమీ లేకుండా. పెన్సిల్ గుర్తులు ఆ ఖాళీదాని మీద పెట్టుకోండి.