నేలమీది లక్ష్యాలను కొట్టడానికే కట్టిన విమానాలకు ఇంకా పని ఉందా?

ప్రశ్న (బ్రాడీపేట, గుంటూరు):
2022 డిసెంబరు 29న కొరిశపాడు దగ్గర 16వ నంబరు జాతీయ రహదారి మీద వాయుసేన కసరత్తు జరిగినప్పటినుంచి మా ఇంట్లో ఒక వాదన తెగడం లేదు. శత్రువు ట్యాంకులనూ బంకర్లనూ తక్కువ ఎత్తునుంచి కొట్టడానికే తయారైన అమెరికా ఏ-10, రష్యా సుఖోయ్-25 వంటి విమానాలకు డ్రోన్లు వచ్చాక కాలం చెల్లినట్టేనా? మన వాయుసేన కూడా 2019 డిసెంబరులో ఇదే పనికి వాడిన మిగ్-27 విమానాలను సాగనంపింది కదా. తెలిసినవారు దయచేసి వివరించగలరు.

జవాబు (పటమట, విజయవాడ):
నేను వాయుసేనలో ఆయుధాల విభాగంలో పనిచేసి విరమణ పొందాను. మిగ్-27 పొట్ట కింద ఆరు గొట్టాల 30 మిల్లీమీటర్ల తుపాకీ ఉండేది. నిమిషానికి దాదాపు 5,000 గుండ్ల వేగం కనుక ఉన్నవన్నీ మూడు నాలుగు సెకన్లలో అయిపోతాయి. ఆ అదురుకు ల్యాండింగ్ లైట్లు సైతం పగలవచ్చు కనుక, కాల్చి వచ్చిన విమానంలో మేము ముందుగా వాటినే చూసేవాళ్ళం. అయితే అంత తుపాకీ పనికి రావాలంటే పైలట్ లక్ష్యం మీదికి ముక్కు వంచి దిగాలి, అంటే కింద ఉన్నవాడి క్షిపణికి అందేంత దగ్గరికి రావాలి.

1971 డిసెంబరు 5న, పాకిస్తాన్‌తో యుద్ధంలో, రాజస్థాన్ ఎడారి సరిహద్దులోని లోంగేవాలాలో ఆ చిక్కు లేదు. జైసల్మేర్‌లోని మన హంటర్ యుద్ధవిమానాలకు రాత్రిపూట దాడి చేసే వీలు లేక తెల్లవారేదాకా ఆగవలసి వచ్చింది గానీ, వెలుతురు రాగానే, పైన రక్షణగా సొంత విమానాలు లేని పాకిస్తాన్ ట్యాంకులు ఇసుకలో గుండ్రంగా తిరుగుతూ తప్పించుకోజూశాయి. ఆ గుండ్రటి జాడలు ఆకాశంనుంచి తీసిన ఫొటోల్లో నేటికీ చూడవచ్చు. కార్గిల్‌లో కథ తిరగబడింది. 1999 మే 27న ఒక మిగ్-27 ఇంజను ఆగి కూలింది, ఒక మిగ్-21 క్షిపణికి బలైంది, మరునాడు ఒక ఎమ్‌ఐ-17 హెలికాప్టరు పోయింది. ఆ తరువాత మనవాళ్ళు ఎత్తు పెంచారు. జూన్ 24న టైగర్ హిల్ మీద మిరాజ్-2000 యుద్ధవిమానాలు లేజర్ కిరణంతో గురి పట్టే బాంబులు వేసింది భుజం మీదినుంచి పేల్చే క్షిపణులకు అందని ఎత్తునుంచే.

జవాబు (అరండల్‌పేట, గుంటూరు):
పెద్దలు చెప్పినదాన్ని కాదనను. ఉక్రెయిన్‌లో ఇరుపక్షాల సుఖోయ్-25లూ చెట్ల ఎత్తులో వచ్చి, ముక్కు పైకెత్తి, రాకెట్లను దూరంనుంచి విసిరి వెనుదిరుగుతున్నాయి. అలా విసిరినవి ఎక్కడ పడతాయో గురి చెప్పలేం. అదే పని కొన్ని వేల రూపాయల డ్రోన్ ట్యాంకు పైమూతను వెతికి మరీ చేస్తుంటే, పైలట్ ప్రాణాన్ని పణంగా పెట్టడంలో నాకు అర్థం కనిపించదు.

మొదటి జవాబు రాసినవారు మళ్ళీ:
డ్రోన్ మోసేది కొన్ని కిలోలు, ఏ-10 మోసేది ఏడు టన్నులకు పైమాట. రేడియో సంకేతాలను అడ్డుకుంటే చాలా డ్రోన్లు దారి తప్పుతాయి కూడా. కాబట్టి నేలమీద చిక్కుకున్న దళానికి పెద్ద బాంబు కావలసినప్పుడు విమానమే రావాలి. రావలసింది ఏ విమానమన్నదే అసలు ప్రశ్న. ఏ-10 పైలట్ చుట్టూ దాదాపు 540 కిలోల టైటానియం తొట్టి ఉన్నా, 1991 ఫిబ్రవరి 15న ఇరాక్ యుద్ధరంగంలో ఒకేరోజు రెండు కూలాయి. అప్పుడు అమెరికావాళ్ళు వాటిని ఇరాక్ మేటి సేన అయిన రిపబ్లికన్ గార్డ్ దళాలకు దూరంగా జరిపి, ఆ పనిని వేగవంతమైన విమానాలకు అప్పగించారు. మనం 1979నుంచి వాడుతున్న జాగ్వార్ దాడి విమానాలకు సైతం, నా దృష్టిలో, కవచం కంటే దూరంనుంచి గురి తప్పని ఆయుధమే ఎక్కువ అవసరం.