‘మాన్వార్’ని గడీ అనొచ్చా?

ప్రశ్న: ఫ్రాన్స్‌లోని నార్మండీ పల్లెల మీద ఒక వ్యాసం తెలుగు చేస్తున్నాను. ‘మాన్వార్’ దగ్గర, అంటే పల్లెలో భూస్వామి ఉండే పెద్ద ఇంటిని అక్కడివాళ్లు పిలిచే మాట దగ్గర, బండి ఆగింది. కోట అంటే మరీ పెద్దది, బంగళా అంటే కలెక్టరుగారు గుర్తొస్తారు. గడీ అనెయ్యొచ్చాండీ?

జవాబు: ఏ మాన్వార్ అండీ?

ప్రశ్న అడిగినవారు: దియెప్ రేవు దగ్గర వరాంజ్‌విల్‌లో ఉన్న ఆంగో మాన్వార్.

జవాబు: అయితే గడీ వద్దు. గడీ అనగానే ఎత్తైన ప్రహరీ, బురుజులు, దొర, వెట్టి కళ్ల ముందుకొస్తాయి. జాన్ ఆంగో ఓడల వ్యాపారి. ఇటలీ నావికుడు వెర్రజానో 1524లో అమెరికా తీరానికి వెళ్లిన యాత్రకు పెట్టుబడి పెట్టినవాళ్లలో ఒకడు. 1530 తర్వాత ఇటలీ పనివాళ్లను రప్పించి ఈ ఇల్లు కట్టించుకున్నాడు. ఒక పక్క కమానుల వసారా అచ్చం ఇటలీదే, గోడల్లో చెకుముకి రాయి మాత్రం ఆ ఊరిదే.

మరొకరు: నాలుగు వైపులా కట్టడం, మధ్యలో ఖాళీ. మండువా లోగిలి అంటే సరిపోదా?

జవాబు: మండువా ఇంటి లోపలిదండీ, వానొస్తే నీళ్లు మన కాళ్ల దగ్గరే పడతాయి. అక్కడిది బళ్లు తిరిగే ఆవరణ, చుట్టూ సేద్యపు కొట్టాలు కూడా ఉన్నాయి. ‘కామతపు భవంతి’ అనండి. సొంత సేద్యం, దాని మధ్యలో యజమాని ఇల్లు, రెండూ అందులో ఉన్నాయి. ఆంగో పోయాక అది చాలాకాలం ఉత్త వ్యవసాయ క్షేత్రంగానే నడిచింది కూడా.

ప్రశ్న అడిగినవారు: బాగుంది. మరి ఆవరణలో పావురాల గోపురం?

జవాబు: అసలు అధికారమంతా అక్కడే ఉంది! ఇటుక, ఇసుకరాయి, చెకుముకి కలిపి రంగురంగుల పట్టీలు, పైన ఉల్లిపాయలాంటి గుమ్మటం, లోపల సుమారు 1600 గూళ్లు. అంత పావురాల గోపురం నార్మండీలో ఎవరు పడితే వాళ్లు కట్టుకోడానికి లేదు, అది జమీకి ఉండే హక్కు. పావురాలు చుట్టుపక్కల రైతుల గింజలు తినేవి, వాళ్లేమో కొట్టకూడదు. ఫ్రెంచి విప్లవంలో, 1789 ఆగస్టులో రద్దయిన జమీందారీ హక్కుల్లో ఇదొకటి.

మరొకరు: అంటే కొంచెం గడీ వాసన ఉందన్నమాట.

జవాబు: ఉంది, కాదనను. అందుకే ఇంటిని కామతపు భవంతి అని, దీన్ని ‘పావురాల బురుజు’ అనండి. బురుజు అన్న మాటకు ఆ బరువు ఉంది.